అమావాస్య చూసుకుని ఇద్దరం ప్యూర్టో రికో

జనవరిలో నాలుగు రోజులు ఎక్కడికైనా వెచ్చటి చోటికి వెళ్లి రావాలి, పిల్లలు లేకుండా ఇద్దరమే, కానీ అమెరికా దాటకూడదు, ఏదైనా ఉంటే చెప్పవా అని ఈ 2025 డిసెంబరులో నన్ను అడిగినవాళ్లు చాలామందే ఉన్నారు. ఒక్కొక్కరికీ వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టే ఓపిక లేక ఇక్కడ రాసేస్తున్నా. నా జవాబు ప్యూర్టో రికో, కరీబియన్ సముద్రంలో అమెరికాకి చెందిన దీవి. ఎప్పుడు వెళ్లాలి అంటే మాత్రం, ఇండియన్ స్టోర్‌లో ఇచ్చిన తెలుగు క్యాలెండర్ గోడ మీంచి తీసి అమావాస్య ఎప్పుడో చూడండి. జోకు కాదు, కింద చెప్తాను.

దేశం ఎందుకు దాటకూడదో మనవాళ్లకి వివరించక్కర్లేదు. పాస్‌పోర్టులో వీసా స్టాంపు ఎప్పుడో అయిపోయి, చేతిలో ఐ-797 (స్టేటస్ మంజూరైందన్న కాగితం), ఐ-94 (ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) మాత్రమే ఉన్న జంటలు న్యూజెర్సీలో ఏ అపార్ట్‌మెంట్ బిల్డింగ్‌లో చూసినా ఉంటారు. ఇక్కడ ఉండడానికి, ఉద్యోగం చేసుకోవడానికి ఏ అడ్డూ లేదు, గడప దాటితేనే తిరిగి రావడానికి కాన్సులేట్‌లో కొత్త వీసా స్టాంపింగ్ కావాలి. 2025 సెప్టెంబరు నుంచి డ్రాప్‌బాక్స్, అంటే ఇంటర్వ్యూ లేకుండా కాగితాలిచ్చి స్టాంపు వేయించుకునే వీలు, చాలావరకు తీసేశారు, స్టాంపింగ్‌కి మూడో దేశం వెళ్లే దారి కూడా దాదాపు మూసేసినట్టే, అంటే ఇండియా వెళ్లి ఇంటర్వ్యూకి నిలబడాలి. బీచ్‌లో మూడు రాత్రుల కోసం ఆ టెన్షన్ ఎవరు పడతారు? కాన్‌కున్ వెళ్లొచ్చు కదా అని అడుగుతారు కొందరు. స్టాంపు బతికి ఉంటే నిక్షేపంగా వెళ్లొచ్చు, అమెరికా వీసా చెల్లుబాటులో ఉన్నవాళ్లని మెక్సికో తన వీసా అడగదు. స్టాంపు అయిపోయినవాళ్లకే చిక్కు. ముప్పై రోజుల్లోపు తిరిగొస్తే అమెరికా రానిస్తుందన్న ఆటోమేటిక్ రీవాలిడేషన్ రూలు ఒకటుంది నిజమే, కానీ అది తిరిగి రావడానికి పనికొస్తుంది, మెక్సికోలోకి అడుగు పెట్టడానికి కాదు. దానికి మళ్లీ వాళ్ల వీసా తీసుకోవాలి.

ప్యూర్టో రికోకి ఈ గొడవేమీ లేదు. 1898 నుంచి అది అమెరికాదే. మన నెవార్క్ నుంచి అక్కడి రాజధాని సాన్ హువాన్‌కి వెళ్లేది డొమెస్టిక్ ఫ్లైటు, దిగాక ఇమిగ్రేషన్ లైను ఉండదు, ఇమిగ్రేషన్ చట్టంలో అమెరికా అంటే ప్యూర్టో రికో కూడా కలిసే ఉంది కాబట్టి దేశం వదిలి వెళ్లినట్టు లెక్క కాదు. రెండే జాగ్రత్తలు. డైరెక్ట్ ఫ్లైటు తీసుకోండి, పోనీ ఫ్లోరిడాలో మారండి, చవకగా ఉంది కదా అని మధ్యలో వేరే దేశంలో ఆగే టికెట్ జోలికి వెళ్లకండి. రెండోది, లైసెన్స్ ఒక్కటే చాలు కదా అనుకోకుండా ఒరిజినల్ పాస్‌పోర్టు, ఐ-797, ఐ-94 ప్రింటు బ్యాగులో పడేయండి. ఎక్స్‌టెన్షన్ పెండింగ్‌లో ఉన్నవాళ్లు, మధ్యలో ఉద్యోగం మారినవాళ్లు మీ లాయర్‌కి ఒక ఈమెయిల్ పెట్టి అడిగి మరీ వెళ్లండి, నేను లాయర్‌ని కాదు.

మిగతావి ఎందుకు వద్దన్నానో కూడా చెప్పేస్తాను, లేకపోతే కామెంట్లలో అదే అడుగుతారు. హవాయి గొప్పగా ఉంటుంది, కానీ న్యూజెర్సీ నుంచి పదిగంటల పైన ప్రయాణం, అయిదు గంటల టైమ్ తేడా, నాలుగు రోజుల ట్రిప్పులో రెండు రోజులు నిద్రమత్తుకే పోతాయి. మయామీ దగ్గరే, కానీ జనవరిలో కోల్డ్ ఫ్రంట్ ఒకటి దిగిందంటే బీచ్‌లో స్వెటర్ వేసుకోవాలి, ఏ వారం దిగుతుందో టికెట్ కొనేటప్పుడు తెలీదు. కీ వెస్ట్ అయితే మయామీ నుంచి ఇంకో నాలుగు గంటల డ్రైవింగ్. శాన్‌డియాగోలో ఎండ ఉంటుంది గానీ నీళ్లలో దిగితే పళ్లు టకటకలాడతాయి. యు.ఎస్. వర్జిన్ ఐలాండ్స్ కూడా అమెరికావే, అందానికి అందం, కాకపోతే తిరిగొచ్చేటప్పుడు అక్కడి సెయింట్ థామస్ ఎయిర్‌పోర్టులో కస్టమ్స్‌వాళ్లు కాగితాలు చూస్తారు. కాగితాలు సరిగ్గా ఉంటే భయం లేదు, కానీ రొమాంటిక్ ట్రిప్పు ఆఖరి గంటలో యూనిఫాం ముందు నిలబడి ఐ-797 తియ్యడం నాకైతే ఇష్టం లేదు.

సాన్ హువాన్ నాలుగు గంటల ఫ్లైటు. జనవరిలో పగలు 28 డిగ్రీలు, రాత్రి 22, మన వైజాగ్ ఫిబ్రవరి ఎలా ఉంటుందో అలా, ఉక్కపోత లేకుండా ఎప్పుడూ సముద్రపు గాలి తగులుతూ ఉంటుంది. డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా పొడి కాలం, తుపాన్ల సీజన్ నవంబరు 30తోనే అయిపోతుంది. పొడి కాలం అన్నాను కదా అని ఒక్క చుక్క పడదనుకోకండి, పది నిమిషాలు జల్లు పడి వెంటనే ఎండ కాస్తుంది, అంతే. చలికాలంలో టైము న్యూజెర్సీ కంటే ఒక గంట ముందు. డాలర్లే, మన ఫోన్ ప్లానే, మన లైసెన్సే. రోడ్డు మీద మాత్రం తమాషాగా ఉంటుంది, స్పీడ్ లిమిట్ మైళ్లలో, దూరాలు కిలోమీటర్లలో, పెట్రోలు లీటర్లలో. విమానం దిగగానే చుట్టూ ఉన్నవాళ్లంతా చప్పట్లు కొడితే కంగారుపడకండి, అది వాళ్ల అలవాటు, సొంతూరికి చేరుకున్న ఆనందం. క్రితంసారి వెళ్లినప్పుడు మేమూ కొట్టాం.

ఇక అమావాస్య సంగతి. ఈ దీవికి ఇద్దరూ కలిసి వెళ్తే చూడాల్సింది ఒకటుంది, రాత్రి వెలిగే నీళ్లు. బయో బే అంటారు. చుట్టూ మడ అడవి, సముద్రంలోకి సన్నటి దారి మాత్రమే ఉన్న మడుగులో కంటికి కనపడని జీవులు కోట్లకొద్దీ ఉంటాయి, వాటికి పైరోడీనియం అని పేరు, నీళ్లు కదిలితే చాలు అవి నీలంగా మెరుస్తాయి. తెడ్డు వేస్తే తెడ్డు చుట్టూ వెలుగు, చెయ్యి ముంచితే వేళ్ల మధ్య వెలుగు, చేప పారిపోతే దాని వెనక గీత. ఇలాంటివి ప్యూర్టో రికోలో మూడున్నాయి, వియెకెస్ దీవిలో మస్కిటో బే, తూర్పున ఫహార్దోలో లగూనా గ్రాండే, నైరుతి మూల లా పర్గెరా.

వెన్నెల ఉన్న రాత్రి వెళ్తే మాత్రం డబ్బు దండగ. ఆకాశంలో అంత వెలుగుంటే నీళ్లలో మెరుపు ఎవరికి కనపడుతుంది? పౌర్ణమికి అటూ ఇటూ కొన్ని రోజులు టూర్లు నడపనివాళ్లు కూడా ఉన్నారు, నడిపేవాళ్లు ఈ మాట పైకి చెప్పరు. అందుకే లాంగ్ వీకెండ్ ఎప్పుడో చూసి టికెట్ కొనేసి, ఆ తర్వాత బయో బే బుక్ చేసుకునేవాళ్లకి అక్కడికి వెళ్లాక ఉసూరుమంటుంది. మనకి ఇది చిటికెలో పని, తిథులు గోడ మీదే ఉన్నాయి. బహుళ పక్షంలో షష్ఠి, సప్తమి దాటాక చంద్రుడు బాగా పొద్దుపోయి వస్తాడు, కాబట్టి సాయంత్రం టూరుకి చీకటి గ్యారంటీ. శుద్ధ పక్షంలో చవితి దాకా నెలవంక తొందరగా అస్తమిస్తుంది, రెండో బ్యాచ్ టూరు తీసుకుంటే సరిపోతుంది. పంచమి దాటితే ఇక వచ్చే నెలకి చూసుకోవడమే.

ఈసారి, అంటే 2026లో, జనవరి 18 ఆదివారం అమావాస్య. మర్నాడు 19 సోమవారం మార్టిన్ లూథర్ కింగ్ సెలవు. ఇంకేం, లాంగ్ వీకెండ్, అమావాస్య కలిసొచ్చాయి అని టికెట్లు కొనేయకండి, సరిగ్గా అదే వారాంతంలో ఓల్డ్ సాన్ హువాన్‌లో సాన్ సెబాస్టియన్ వీధి పండుగ జరుగుతుంది. ఏటా జనవరి మూడో వారంలో చేస్తారు, దీవి అంతా కదిలి ఆ నాలుగు వీధుల్లోకి వస్తుంది. పాటలు, డ్రమ్ములు, పెద్ద పెద్ద బొమ్మ తలలు పెట్టుకుని డాన్సులు, రాత్రి బాగా పొద్దుపోయేదాకా జాతరే. స్నేహితుల గుంపుతో వెళ్లడానికి అంతకంటే మంచి టైము లేదు. ఇద్దరే వెళ్లి నెమ్మదిగా నడుద్దాం అనుకుంటే మాత్రం అది కాదు, రూములు దొరకవు, దొరికితే రేటు చూసి మన ఇంటి అద్దె గుర్తొస్తుంది.

కాబట్టి నేను చెప్పేది ఆ పండుగ అయిపోయాక, జనవరి 20 మంగళవారం వెళ్లి 23 శుక్రవారం రాత్రికి తిరిగి రండి. సెలవుకి వచ్చిన జనం సోమవారంతో వెళ్లిపోతారు, మంగళవారం నుంచి టికెట్లు, రూములు రెండూ దిగుతాయి, చంద్రుడు ఇంకా సన్నగానే ఉంటాడు. ఆఫీసులో నాలుగు రోజులు సెలవు పెట్టాలి, నిజమే. డిసెంబరులో అందరూ వెళ్లొచ్చాక జనవరి మూడో వారంలో సెలవు అడిగితే ఏ మేనేజరూ పెద్దగా గొణగడు.

మా ఇంట్లో అసలు సమస్య మేనేజరు కాదు. మా అత్తయ్య, మామయ్య విజిటర్ వీసా మీద వచ్చి ఉన్నారు, పాపని వాళ్ల దగ్గర వదిలి ఇద్దరమే వెళ్తాం అని చెప్పడానికి మొదట్లో నాకు నోరు రాలేదు. మా ఆయనేమో "నువ్వే చెప్పు, నీ మాటైతే వింటుంది" అని నెట్టేశాడు, ఆయన కన్నతల్లికి ఆయన చెప్పలేడట. తీరా చెప్తే ఆవిడ "దానికేముందమ్మా, వెళ్లి రండి, పిల్ల నా దగ్గరే పడుకుంటుంది" అని ఒక్క ముక్కలో తేల్చేసింది. తేదీలు చెప్పాక మొదలైంది. అమావాస్య పక్కన పెట్టుకుని ప్రయాణమేంటి, అదీ మంగళవారం, అదీ సముద్రం మీదికి. నేను క్యాలెండర్ చూపించి, అమావాస్య ఆదివారమే వెళ్లిపోతుంది అత్తయ్యా, మంగళవారానికి మాఘమాసం వచ్చేస్తుంది అన్నాను. మాఘం అనగానే ఆవిడ మొహం మారింది. "అయితే సముద్రస్నానం చేసినట్టూ ఉంటుంది, తెల్లారగట్టే చేయండి" అంది. బికినీ కొనుక్కున్న సంగతి నేను ఎత్తలేదు.

ఇప్పుడు ఎక్కడ ఎన్ని రాత్రులు. నాలుగు రోజుల్లో దీవి అంతా చుట్టేద్దాం అనే లిస్టులు చాలా తిరుగుతున్నాయి, పొద్దున రెయిన్ ఫారెస్ట్, మధ్యాహ్నం ఒక దీవి, రాత్రి బయో బే, మర్నాడు ఇంకో మూల. అలా తిరగాలంటే టూర్ బస్సు ఎక్కొచ్చు, దానికి రొమాన్స్ అని పేరెందుకు. వియెకెస్‌లోని మస్కిటో బేనే అన్నింట్లోకీ ఎక్కువ వెలుగుతుంది, ఒప్పుకుంటా. కానీ అక్కడికి వెళ్లాలంటే తూర్పు తీరంలో సేయ్బా రేవు దాకా డ్రైవ్ చేసి, అద్దె కారు ఒడ్డునే వదిలేసి, ఫెర్రీ ఎక్కి, అక్కడ ఇంకో బండి తీసుకుని, రాత్రి అక్కడే ఉండాలి, ఫెర్రీ టైముకి నడవకపోతే మిగతా ప్లాన్ అంతా గోవిందా. వారం రోజులుంటే వియెకెస్ వెళ్లండి. మూడు రాత్రులకి ఫహార్దో చాలు, సాన్ హువాన్ నుంచి గంట ప్రయాణం. లా పర్గెరా రెండు గంటల పైనే, వెలుగు కూడా కాస్త తక్కువ, అయితే నీళ్లలో దిగి ఈత కొట్టనిచ్చేది అక్కడొక్కటే, ఫహార్దోలో దిగనివ్వరు. ఈత వచ్చి, ఆ వెలుగులో ఈదాల్సిందే అని పట్టుబట్టేవాళ్లు అటు వెళ్లండి.

నా లెక్క ఇలా ఉంటుంది. మంగళవారం పొద్దున ఫ్లైటు, మధ్యాహ్నానికి దిగి కారు తీసుకుని నేరుగా తూర్పుకి. లుకియో, ఫహార్దో చుట్టుపక్కల చిన్న హోటల్లో రెండు రాత్రులు. ఆ రోజు ఇంకేం పెట్టుకోవద్దు. లుకియో బీచ్ ఒడ్డున వరసగా అరవై దాకా తిండి కొట్లు ఉంటాయి, కియోస్కోలు అంటారు, చీకటి పడ్డాక అక్కడ ఏదో ఒకటి తిని రూముకి వచ్చి పడుకోండి. బుధవారం పొద్దున ఎల్ యున్కే అడవి, అమెరికా నేషనల్ ఫారెస్టుల్లో ఉష్ణమండలపు వానల అడవి అదొక్కటే, కారులో చాలా పైదాకా వెళ్లొచ్చు, యొకాహు టవర్ ఎక్కితే ఒకవైపు మబ్బు పట్టిన కొండ, ఇంకోవైపు సముద్రం. మధ్యాహ్నం నిద్ర. రాత్రి బయో బే. ఆ రోజు చవితి నెలవంక తొమ్మిదిలోపే దిగిపోతుంది, కాబట్టి ఎనిమిదింటి తర్వాత బయల్దేరే బ్యాచ్ అడగండి. గాలి ఎక్కువైనా వాన పట్టినా టూరు క్యాన్సిల్ చేస్తారు, అందుకే మొదట్లో పెట్టుకోవాలి, పోతే, కారు అప్పుడే ఇచ్చెయ్యకుండా ఉంచుకుంటే, గురువారం రాత్రి ఒకటి చేతిలో ఉంటుంది.

బయో బేలో ఇద్దరికీ కలిపి ఒక కయాక్, అంటే సన్నటి తెడ్డు పడవ, ఇస్తారు. వెనక కూర్చున్నవాళ్లదే స్టీరింగ్, ముందు కూర్చున్నవాళ్లు తెడ్డు వెయ్యడమే. ఎవరు ఎక్కడ కూర్చోవాలో హోటల్లోనే తేల్చుకుని వెళ్లండి, ఎందుకంటే మడ చెట్ల మధ్య చీకట్లో సన్నటి కాలవలో వెళ్లేటప్పుడు "ఎడమకి అన్నాను కదా" అని మొదలైతే ఆ కాలవ దాటేదాకా ఆగదు, వెనకవాళ్లు కూడా వింటారు. తెలుగువాళ్లు ఒక్కరైనా ఉండి తీరతారు. వెళ్లే ముందు సన్‌స్క్రీన్, దోమల స్ప్రే రాసుకోకండి, వాటివల్ల ఆ జీవులకి చేటు. ఫోన్ లోపల పెట్టేయండి, తడుస్తుందని కాదు, ఆ వెలుగు ఫోన్ కెమెరాకి సరిగ్గా పడదు. నాకు అన్నింటికన్నా నచ్చింది అదే అనుకుంటా, క్రితంసారి మా ఆయన గంటన్నరసేపు ఫోన్ ముట్టుకోకుండా నాతో మాట్లాడాడు.

గురువారం కారు ఎయిర్‌పోర్టులో తిరిగి ఇచ్చేసి ఊబర్‌లో ఓల్డ్ సాన్ హువాన్. కారుతో ఆ ఊళ్లోకి వెళ్లొద్దు, పార్కింగ్ దొరకదు, వీధులు రెండు బళ్లు పట్టనంత ఇరుకు. నడిస్తేనే ఆ ఊరు. నీలం రంగు తిరిగిన రాళ్లు పరిచిన వీధులు, పసుపు, గులాబీ, ఆకుపచ్చ ఇళ్లు, పైన చెక్క బాల్కనీలు, ప్రతి మలుపులో ఒక పిల్లి. ఎల్ మోరో కోట కట్టడం 1539లో మొదలుపెట్టారు, సముద్రానికి నూట నలభై అడుగుల ఎత్తున ఉంటుంది. పది డాలర్ల టికెట్‌తో అదీ, సాన్ క్రిస్టోబాల్ కోటా రెండూ చూడొచ్చు, ఒక రోజంతా చెల్లుతుంది. కోట లోపల చూసినా చూడకపోయినా ముందున్న పెద్ద పచ్చిక మైదానంలో మాత్రం సాయంత్రం ఒక గంట కూర్చోండి, అక్కడ జనం గాలిపటాలు ఎగరేస్తుంటారు. సంక్రాంతి అయిన వారానికే వెళ్తాం కదా, న్యూజెర్సీ మంచులో ఎగరెయ్యలేకపోయిన గాలిపటం అక్కడ కొని ఎగరేయొచ్చు, పక్కనే అమ్ముతారు. మాంజా ఉండదు, పేచ్‌లు పెట్టి ఎవరిదీ కొయ్యకండి. అక్కణ్నుంచి ఎర్రటి పాత ఊరి గుమ్మం దగ్గరికి దిగి వస్తే, కోట గోడ కింద సముద్రం పక్కనే నడిచే దారి మొదలవుతుంది, పసేయో దెల్ మోరో, చివరిదాకా వెళ్లి అదే దారిన తిరిగి రావాలి. సూర్యాస్తమయం ఆరుంపావు ప్రాంతంలో. దానికి ఓ ముప్పావుగంట ముందు బయల్దేరితే సరిగ్గా సరిపోతుంది, రెండు చేతులూ ఖాళీగా పెట్టుకుని నడవండి, చేతిలో షాపింగ్ బ్యాగు ఉంటే ఇంకో చెయ్యి పట్టుకునేదెలా.

తిండి దగ్గర శాకాహారులకి కాస్త కష్టం, అబద్ధం చెప్పను. అన్నంలో కందులు వేసి వండే అర్రోస్ కోన్ గాందూలెస్ అనే వంటకం వాళ్లకి పండగ భోజనం, మనకి చూడగానే ప్రాణం లేచొస్తుంది, కానీ సాధారణంగా అందులో పంది మాంసం పడుతుంది. రాజ్మాలాంటి బీన్స్ కూరలో కూడా హ్యామ్ ముక్క వేస్తారు. "సిన్ కార్నే" అంటే మాంసం లేకుండా అని, కానీ కొన్నిచోట్ల హ్యామ్‌ని మాంసం కింద లెక్కెయ్యరు, కాబట్టి "సిన్ హమోన్" అని విడిగా అడగాలి. భయం లేకుండా తినగలిగేవి పచ్చి అరటికాయని రెండుసార్లు వేయించి నొక్కిన తోస్తోనెస్, పండిన అరటిని వేయించిన మదూరోస్, ఉడికించిన కర్రపెండలం, అవకాడో. మొఫోంగో అంటే అరటికాయని వేయించి వెల్లుల్లి వేసి రోట్లో దంచినది, అది లోపల రొయ్యలతో తింటే నాన్‌వెజ్ వాళ్లకి పండగే. కారం ఎక్కడా ఉండదు. పీకే అని పచ్చిమిర్చి వెనిగర్‌లో ఊరేసిన సీసా టేబుల్ మీద పెడతారు, అదీ మనకి చాలదు. కారప్పొడి చిన్న డబ్బా హ్యాండ్‌బ్యాగులో పెట్టుకెళ్లండి, అరటికాయ మీద చల్లుకుంటే స్వర్గం. కాఫీ మాత్రం వాళ్ల కొండల్లోనే పండుతుంది, చిన్న కప్పులో చిక్కగా పాలతో ఇస్తారు, మన ఫిల్టర్ కాఫీ అలవాటున్నవాళ్లకి అమెరికాలో మొదటిసారి కాఫీ తాగినట్టుంటుంది. పీన్యా కొలాదా అక్కడే పుట్టిందని వాళ్ల గట్టి నమ్మకం, 1978లో అధికారిక పానీయం అని ప్రకటించుకున్నారు కూడా.

సముద్రం గురించి ఒక్కటి సీరియస్‌గా చెప్తాను. చలికాలంలో ఉత్తర తీరానికి అట్లాంటిక్ నుంచి పెద్ద అలలు వస్తాయి, సాన్ హువాన్‌లోని కొండాదో లాంటి చోట్ల హోటళ్ల ముందున్న బీచ్‌లలో లోపలికి లాగేసే ప్రవాహాలుంటాయి, చూడ్డానికి మాత్రం ఒక్కోసారి అద్దంలా అమాయకంగా ఉంటుంది. మనలో చాలామందికి ఈత అంతంతమాత్రం, మోకాళ్లదాకేగా అని దిగుతాం. ఎర్ర జెండా ఉంటే మోకాళ్లదాకా కూడా వద్దు. రాళ్లు, రీఫ్ అడ్డుండి నీళ్లు నెమ్మదిగా ఉండే చోట్లున్నాయి, లుకియో ఒకటి, సాన్ హువాన్‌లోనే ఎస్కాంబ్రోన్ ఒకటి, అక్కడ దిగండి. అత్తయ్య చెప్పిన స్నానం అక్కడే కానిస్తాం, తెల్లారగట్ట కాదు గానీ.

రూము బుక్ చేసేటప్పుడు ఫొటోల కన్నా ముందు జనరేటర్ ఉందా, నీళ్ల ట్యాంకు ఉందా అని అడగండి. అమెరికాలో ఇదేం ప్రశ్న అనుకోవద్దు, 2024 డిసెంబరు 31న, మళ్లీ 2025 ఏప్రిల్ 16న దాదాపు దీవి మొత్తం కరెంటు పోయింది. విడిగా కోతలు మామూలే. చిన్నప్పుడు కరెంటు పోతే డాబా మీద పడుకున్నవాళ్లం, మనకదేం పెద్ద విషయం కాదు గానీ, ఏసీ లేని గదిలో దోమలతో హనీమూన్ మూడ్ నిలబడదు. బడ్జెట్‌లో పన్నులు కలుపుకోండి, మామూలు హోటలుకి రూము పన్ను తొమ్మిది శాతం, క్యాసినో ఉంటే పదకొండు, పరదోర్‌లనే చిన్న హోటళ్లకి ఏడు, కొన్న వాటి మీద సేల్స్ టాక్స్ పదకొండున్నర. రిసార్ట్ ఫీ అని విడిగా వేసే హోటళ్లున్నాయి. నేను రిసార్ట్ వద్దనే అంటాను, గోడ లోపలే ఉండిపోయేటట్టయితే ప్యూర్టో రికో అయినా ఒకటే ఇంకోటైనా ఒకటే.

తిరిగొచ్చేటప్పుడు సాన్ హువాన్ ఎయిర్‌పోర్టులో చెకిన్‌కి ముందే వ్యవసాయ శాఖవాళ్లు బ్యాగులు స్కాన్ చేస్తారు, అది పళ్లు, మొక్కల కోసం, వీసాల కోసం కాదు, లైను చూసి గుండె ఝల్లుమనకండి. వేయించిన కాఫీ గింజలు తెచ్చుకోవచ్చు, తాజా పళ్లు మాత్రం చాలావరకు అక్కడే తినేసి రావడం మేలు.

బుకింగ్ వరస కూడా చెప్తాను. ముందు బయో బే టూరు, తర్వాత ఫ్లైటు, ఆ తర్వాత రూములు, ఆఖరున కారు. అందరూ దీన్ని తిరగేసి చేస్తారు. ఈ జనవరి కుదరనివాళ్లకి తర్వాతి అమావాస్య ఫిబ్రవరి 17, దానికి ముందురోజే ప్రెసిడెంట్స్ డే సెలవు, కాబట్టి చీకటి బ్రహ్మాండంగా ఉంటుంది, రేట్లు కూడా అంతే బ్రహ్మాండంగా ఉంటాయి, శనివారం ప్రేమికుల రోజు కదా. ఇంకో సంగతి, మర్నాడు 15వ తేదీ ఆదివారం మహాశివరాత్రి. జాగరణ ఎలాగూ బయో బేలో అయిపోతుంది, ఉపవాసం సంగతి మీరూ మీరూ తేల్చుకోండి.